చేనుకు కట్టిన టేపులు

పెట్టెలో క్యాసెట్లన్నీ ఉన్నాయి, కానీ ఒక్కదాంట్లోనూ టేపు లేదు.

గద్వాల బడిలో సంగీతం చెప్పే శ్రీజ ఒక్కొక్కటే ఎత్తి వెలుతురుకు పెట్టి చూసింది. ఉత్త చక్రాలు. పైన అతికించిన కాగితం మీద వాటిని రికార్డు చేసిన హఫీజ్ చేతిరాత మాత్రం అలాగే ఉంది: 'గిరియప్ప. సారంగి, వీణ.'

"ఇవి ఎవరు పీకిండ్రమ్మా?"

హఫీజ్ భార్య మెహరున్నిసా వంటింట్లోంచి తొంగి చూసింది.

"సుభాన్ పెట్టె తీస్కపోయి, టేపులు పీక్కొని ఉత్త డబ్బీలు తెచ్చిచ్చిండు. గోపాల్‌పేట దిక్కు చేన్లకు కావలి ఉంటడు. పిట్టలను బెదిరియ్యనీకి టేపులు కడ్తరు గద బిడ్డా."

"అడగంగనే ఇచ్చేసిండ్రా?"

"ఆయనే పాయె, ఆయన మైకుల దుకాణం పాయె. నేనేం జేసుకోవాలె? పాటలు ఫోన్ల వస్తయి గద!"

ఈ పాటలు ఏ ఫోన్‌లోనూ రావు.

గిరియప్ప మూడు వందల ఏళ్ల కిందటి మనిషి. సంస్థానం దొరవారు అలిసిపోయి వచ్చిన సాయంత్రాల కోసం, నలుగురు పట్టే గదిలో రెండు వాద్యాలు మెల్లగా మాట్లాడుకునేటట్టు సంగీతం కట్టాడు. అందులో పాడేందుకు మాటల్లేవు. అందుకే ఎవరి నోటా నిలవలేదు.

శ్రీజ విన్నది ఒక్క ముక్క. గద్వాల పాత సామాన్ల కొట్టులో దొరికిన క్యాసెట్‌లో సారంగి మెట్టు మెట్టు పైకెక్కి, ఇక దిగుతుందనగా టేపు తెగిపోయింది.

ఎట్లా దిగుతుందో వినాలని అప్పటినుంచీ వెతుకుతూనే ఉంది. ఆ క్యాసెట్ మీద ఉన్న దుకాణం ముద్రే ఆమెను వనపర్తికి, ఈ ఇంటికి తీసుకొచ్చింది.

"వాయించినోళ్లు ఎవరో తెలుసా అమ్మా?"

"రికార్డింగంత దుకాణంలనే జరుగుతుండె. మేమెన్నడు ఆడికి పోలే. నాకేం ఎరుక?"

శ్రీజ ఆటో ఎక్కింది. ఆ సుభాన్‌ను పట్టుకోవాలి. టేపు ఏ కొంచెం మిగిలినా చాలు.

గోపాల్‌పేట దగ్గర ఆ జొన్నచేను పాలుపట్టి ఉంది. ఆ కొస నుంచి ఈ కొస దాకా కట్టెలు పాతి టేపులు కట్టారు. ఎండకు తళతళలాడుతున్నాయి. గాలి తగిలితే అన్నీ కలిసి జుమ్మంటున్నాయి.

మంచె కింద ఒక ముసలాయన కుడిచేత్తో రేకు డబ్బా వాయిస్తున్నాడు. ఎడమచెయ్యి తువ్వాల కింద ఉంది.

"సుభాన్ నువ్వేనా?"

"నేనే బిడ్డా. ఎండల పడొచ్చినవ్, జర నీళ్లు తాగుతవా?"

శ్రీజ చేన్లోకి దిగింది. దగ్గరున్న టేపు పట్టుకుంది. పాటను పట్టి ఉంచే గోధుమరంగు పొడి రాలి ఆమె వేళ్లకు అంటుకుంది. చేతిలో మిగిలింది గాజులాంటి ఉత్త ప్లాస్టిక్.

ఇంకోటి పట్టుకుంది. అదీ అంతే. సాలు వెంట ఉరికింది. కట్టె కట్టెకూ అంతే.

వెనక్కి వచ్చి, పొడి అంటిన వేళ్లు ఆయన ముందు చాపింది.

"ఏం కట్టినవో తెలుసా నీకు? నాలుగు కంకుల కోసం మూడు వందల ఏండ్ల సంగీతాన్ని పిట్టల పాల్జేసినవు!"

ముసలాయన డబ్బా ఆపాడు. సందు చూసుకుని చిలకల గుంపు చేను మీద వాలింది. ఆయన తోలలేదు.

"మంచిగుండెనా?" అన్నాడు.

"ఏంది?"

"గా సంగీతం."

"నీకు చెప్తే తెలుస్తదా? ఇగో, విను. మిగిలింది గింతే."

ఆ ముక్కను ఎక్కించుకున్న ఫోన్ ఆయన ముఖం ముందు పెట్టింది.

సారంగి మెల్లగా మొదలైంది. వీణ వెనకాలే వచ్చింది. ముసలాయన కళ్లు మూసుకున్నాడు. తువ్వాల కింద ఏదో కదులుతోంది. సారంగి ఒక్కో మెట్టే ఎక్కింది. చివరి మెట్టు మీద నిలబడింది.

తెగిపోయింది.

తేలు కుట్టినట్టు ముసలాయన ఎడమచెయ్యి గుంజుకున్నాడు.

శ్రీజ అది పట్టించుకోలేదు.

"ఇది వాయించినోళ్లు ఎవరన్న బతికున్నరా తాతా? నీకు హఫీజ్ ఎరుకేనట గదా. తర్వాత ఎట్ల దిగుతదో వాళ్లకన్న తెలుస్తది. ఒక్కసారి కూనిరాగం తీసినా చాలు, రాసుకుంట."

"వీణ నర్సింహులు పోయిండు."

"సారంగి?"

ముసలాయన చేను దిక్కు చూశాడు. గాలి లేచింది. టేపులు జుమ్మన్నాయి.

"నేను పిట్టల కోసం పీకలే బిడ్డా."

"మరెందుకు పీకినవ్?"

"ఎవరన్న వస్తరు, గీటిని అడుగుతరు అని ఏండ్లకేండ్లు చూస్తిమి. ఎవ్వరు రాలే. హఫీజ్ పోయినంక నేనొక్కన్నే ఇనుకుంట కూసుంటి. ఇన్నప్పుడల్ల నొప్పి లేస్తుండె. పానం తీస్తుండె. ఓర్వలేక పీకి గాలికి కట్టిన. నువ్వస్తవని నాకేం ఎరుక?"

"ఏం నొప్పి తాతా?"

ఆయన తువ్వాల తీశాడు.

చెయ్యి మణికట్టు దాకానే ఉంది.

"సొప్ప కోసే మిషన్ల పడ్డది. లేని వేళ్లే నొస్తయి, నవ్వకు."

శ్రీజ నవ్వలేదు. ఫోన్‌లో రికార్డు మీట నొక్కి, రెండు చేతులా ఆయన ముందు పట్టుకుంది.

ముసలాయన నోరు తెరిచాడు. గొంతు సవరించుకున్నాడు. పెదవులు కదిలాయి. ఎంతసేపటికీ గాలి చప్పుడు తప్ప ఫోన్‌లోకి ఏదీ ఎక్కలేదు.

"నోటికి రాదు బిడ్డా, అది గీ చేతికే ఎరుకుండె, గా సారంగి వాయించింది గిదే."