బయటి మనిషి దిగిన ఊరు

సైకిలు చప్పుడు లేకుండా వచ్చి ఆగింది. వాకిలి ఊడుస్తున్న అనసూర్య తలెత్తేసరికి మనిషి దర్వాజ ముందరే ఉన్నాడు.

నల్ల బనీను. ఒంటికి అతుక్కున్న నల్ల నిక్కరు. నల్ల కళ్లద్దాలు. నెత్తిన చిప్పలాంటి టోపీ. సైకిలుకి స్టాండు లేదు, క్యారియర్ లేదు, చివరికి గంట కూడా లేదు. టైర్లు బొటనవేలంత సన్నగా ఉన్నాయి.

"నమస్తే అక్కా. కిరాయికి అర్రలున్నయట గదా?"

చీపురు ఆమె చేతిలోనే ఆగిపోయింది.

బయటి మనిషి.

వెంపలగూడెం భయపడుతున్నది సరిగ్గా దీనికే. ఊరి పక్కన ఓపెన్‌కాస్టు గని నేలను తవ్వుకుంటూ వస్తోంది. ఇంకా పెరగాలంటే దానికి రెండే దిక్కులు. ఇటు వెంపలగూడెం, అటు వాగు దాటితే ఎర్రకుంటపల్లె. రెండిట్లో ఒకటి పోవడం ఖాయం. ఏదన్నదే ఎవరికీ తెలియదు.

తెలియదుగానీ, ఊరికి ఒక ఆనవాలు మాత్రం దొరికింది. ఇదివరకు గనిలో కలిసిన ఊళ్లన్నిట్లో ఒకటే వరస. ముందుగా ఎవరో బయటివాళ్లు కిరాయికి దిగేవాళ్లు. లోపలి కబురు తెలిసినవాళ్లు. నష్టపరిహారంలో తమకూ ఇంత వస్తుందని రాత్రికి రాత్రి రేకుల షెడ్లు వేసేవాళ్లు. ఆ వెనకే జీపులో ఆఫీసర్లు, హద్దుకు పాతే ఎర్రజెండాలు. ఆ తర్వాత ఊరు ఉండేది కాదు.

అందుకే, తెలంగాణ కోసం రిలే దీక్ష చేస్తున్న టెంటు కిందే, ఊరంతా కూర్చుని ఇంకో తీర్మానం కూడా చేసుకుంది. కొత్త మొహానికి ఎవరూ ఇల్లివ్వొద్దు.

"ఏం పని జేస్తవ్ తమ్మీ?" అంది అనసూర్య, గొంతు మామూలుగా పెట్టుకుని.

"ఆఫీసుల కంప్యూటర్ ముందట కూసునుడే అక్కా. పేరు శాంతిరాజ్. మాది కొత్తగూడెం. ఇక్కడికి ఏసిండ్రు."

"క్వార్టరియ్యలేదా?"

"ఇచ్చిండ్రు. గేటు దాటితే బొగ్గు లారీలే. నాకు పొద్దుగాల సైకిలు తొక్కకపోతే అన్నం సయించది. మంచి రోడ్డు సూస్కొని, దాని పక్కన ఇల్లు సూస్కుందామని తిరుగుతున్న."

పక్కింటి అరుగు మీద సదయ్య బీడీ పక్కన పెట్టాడు. గనిలో చేసి రిటైరైన మనిషి. నోటికి మాత్రం రిటైర్మెంట్ లేదు.

"ఇల్లు నచ్చితే రోడ్డు సూస్తరు గనీ, రోడ్డు సూసి ఇల్లు దీసుకునుడేంది బిడ్డా? నేను బతుకంత డ్యూటీకి సైకిల్ మీదనే వోయిన. గసొంటి చెడ్డీ ఏస్కుంటే మా పనిపెద్ద సర్దార్ గేట్లకే రానియ్యకపోతుండె."

శాంతిరాజ్ నవ్వాడు. కళ్లద్దాలు మాత్రం తియ్యలేదు.

"లారీలు ఇటు దిక్కు వస్తయా? వానలు పడితే వాగు రోడ్డెక్కుతదా? ఊర్లె ఎన్నిండ్లు ఉంటయక్కా?"

ఎన్నిండ్లు! సందేహం లేదు, పరిహారం మనిషే.

ఈ ఇల్లు ఆమె మొగుడు కొమురెల్లి డ్యూటీ దిగొచ్చి ఒక్కో ఇటుకా పేర్చి కట్టింది. పోయాక అతణ్ని పెట్టింది కూడా ఇంటెనక చెలకలోనే. ఇల్లంటే ఇంకోచోట కట్టుకోవచ్చు. సమాధిని ఎట్లా మోసుకుపోవడం?

"గీ రోడ్డా? వద్దు తమ్మీ. అంత తుమ్మముండ్లు. నీ టైర్లు ఒక్కపూట ఆగయ్."

"నేనొచ్చినప్పుడు మంచిగనే ఉండె."

"గది ఊరి మొగదాకనే," సదయ్య అందుకున్నాడు. "ఊరు దాటినంక కుక్కలుంటయ్. పిక్క వట్టినయంటే ఇడువయ్."

"మరి ఏడ బాగుంటది?"

అనసూర్య వాగు దిక్కు చూసింది. ఎర్రకుంటపల్లెలో చెల్లెలు సమ్మవ్వ ఉంది.

అప్పుడే గనిలో బ్లాస్టింగ్ అయింది. కాళ్ల కింద నేల ఊగింది. లోపల గిన్నెలు గలగలమన్నాయి. గోడ మీద పాత బీట నుంచి సన్నగా మట్టి రాలింది.

"వాగవతల," అంది అనసూర్య. "ఎర్రకుంటపల్లె రోడ్డు అరచెయ్యి లెక్కుంటది. గాడ జూడు."

శాంతిరాజ్ సైకిలు వాగు వైపు తిప్పాడు.

"మంచిగ చెప్పినవక్కా. లేకుంటే ఇదే ఖాయం జేద్దునేమో."

వచ్చినట్టే చప్పుడు లేకుండా వెళ్లిపోయాడు.

వారం తిరక్కుండానే కబురొచ్చింది. ఎర్రకుంటపల్లెలో ఇల్లు తీసుకున్నాడట. "పీడ వాగు దాటింది," అని సదయ్య ఆ సాయంత్రం అందరికీ కల్లు పోయించాడు. అనసూర్య మాత్రం సమ్మవ్వకు ఫోన్ చేసింది.

"ఎవరో పిలగాడే అక్కా," అంది సమ్మవ్వ. "తెల్లారకముందే సైకిల్ మీద మా ఇంటి ముందట్నుంచి పోతడు. సప్పుడే రాదు. భయమైతది."

"నువ్వు జల్ది ఇంకేడన్న ఇల్లు సూస్కోరాదే."

"ఎందుకే?"

"ఊకనే," అని పెట్టేసి కొంగు నోట్లో కుక్కుకుంది.

ఆ నెల చివర్లో జీపొచ్చింది. వెంపలగూడెంలోకి. మనుషులు దిగి అనసూర్య చెలకలో, కొమురెల్లి సమాధి పక్కన, ఎర్రజెండా పాతారు. ఆమె చెప్పులు కూడా లేకుండా పరుగెత్తింది. ఆమె వెనకే సదయ్య, రొప్పుతూ అరిచాడు.

"దారి దప్పిండ్రు సార్! బయటి మనిషి దిగింది ఈడ గాదు! ఎర్రకుంటపల్లె వాగవతల!"

రెండూళ్లలో ఏది ఉంచాలో ఏది తవ్వాలో చూసి తేల్చమని కంపెనీ పంపితే, తాను ఇల్లు తీసుకున్న ఊరినే ఉంచిన శాంతిరాజ్, జీపు ముందు సీట్లోంచి దిగి, "దారి తప్పలే కాకా," అన్నాడు.