బయటి తీగ లేని గది

“మీరే సార్. ఈ వార్డులో ఎవరి ప్రాణం మీదికి వచ్చినా కారణం మీరే.”

ఫోన్‌లో అవతల పెద్ద డాక్టరు. సదస్సుకని వేరే ఊళ్లో ఉన్నాడు. ఇవతల ఆసుపత్రి కంప్యూటర్లు చూసుకునే అమ్మాయి. ప్యాచులు వేయాలంటూ ఆమె పెట్టే పోరు పడలేక అందరూ ప్యాచులమ్మ అని పేరు పెట్టారు. అద్దం వెనక, నాలుగో మంచం మీద ఆమె తమ్ముడు గొట్టంతో ఊపిరి తీస్తున్నాడు. ఏ మంచం మీద గుండె తడబడినా గంట మోగించేది పక్క గదిలోని సర్వరే.

“ఇప్పుడేమైంది?”

“పొద్దున గంట శబ్దం సున్నాకి దిగింది. పెంచాను. నా కళ్లముందే మళ్లీ దిగింది. ఎవరూ ముట్టుకోలేదు.”

“పాత మెషీను. అలిగిందేమో.”

“జోకులొద్దు సార్. దొంగలు దూరే కంతలు పూడ్చేవే ఈ ప్యాచులు. డిస్కులో తెచ్చి, వేరే మెషీన్లో పరీక్షించి సిద్ధంగా పెట్టాను. కాసేపు సర్వర్ ఆపనివ్వమని ఏడాదిగా నెత్తీ నోరూ బాదుకుంటున్నాను.”

“ఆపితే రోగుల మాటేంటి? అది నెట్‌కి కలవని సర్వర్. చీమ దూరే సందు లేదని నువ్వేగా అన్నావు. వైరస్ గోడ దూకి వస్తుందా?”

ఆమె సర్వర్ గది వైపు చూసింది. ఆ గదిలోకి బయటి తీగ ఒక్కటీ రాకుండా దగ్గరుండి కట్టించింది తనే. మరి లోపల తిరుగుతున్నదెవరు?

నర్సు వచ్చి భుజం తట్టింది. “ఆయన్నేమీ అనకక్కా. పొద్దున ఫోన్ చేసి నాలుగో మంచం చూడమనకపోతే ఏమయ్యేదో. ఎక్కడున్నా ఆయన మనసంతా ఇక్కడే.”

తెర మీద శబ్దం మళ్లీ సున్నాకి జారింది. ఈసారి రెండో మంచం రోగి పేరు కూడా చెరిగిపోయింది.

“సార్, మంచానికొక నర్సును నిలబెట్టి సర్వర్ ఆపేస్తున్నాను. మీరు ఒప్పుకున్నా, ఒప్పుకోకపోయినా. బయటికి దారి ఒక్కటున్నా ఇప్పుడే చెప్పండి, పీకేయాలి.”

“దారా? ఒట్టు, అలాంటిదేమీ లేదు.” ఆయన గొంతు మెత్తబడింది. “హడలిపోకు తల్లీ. నీ తమ్ముడి గుండె ఇక్కడ నా ల్యాప్‌టాప్‌లో చక్కగా కనిపిస్తోంది.”