రేకులు విప్పిన పెద్దాయన

పరికరం మాట వినకపోతే పక్కనున్నవాళ్ళని కసిరే రకం ఆ సర్వేయరు.

"కాస్త జరగండి పెద్దాయనా. ఇలా మీదమీదకొస్తే సిగ్నలు ఎలా అందుతుంది?"

పెద్దాయన జరిగాడు. సిగ్నలు మాత్రం రాలేదు.

ఇరుకు సందు. రెండు వైపులా ఎత్తు గోడలు. ఎండ పడకుండా ఇటు గోడ నుంచి అటు గోడకి ఇనప రేకులు. చేతిలో ఉన్న జీపీఎస్‌కి ఆకాశం కనబడితేగా. అంకెలు ఒకచోట నిలవకుండా అటూ ఇటూ పరిగెడుతున్నాయి.

కొత్త రోడ్డుకి ఏ ఇల్లు కొట్టాలో ఆ అంకెలే తేల్చాలి. ఒక వైపు బట్టలు కుట్టుకుని బతికే ఆవిడ ఇల్లు. ఎదురుగా తాళం వేసున్న ఇల్లు.

సర్వేయరుకి ఓపిక చచ్చిపోయింది.

"మీ ఇంటి మీదే పోతోందమ్మా రోడ్డు. రాసేసుకుంటున్నా."

గుమ్మంలో నిలబడ్డ ఆవిడ మొహం పాలిపోయింది. లోపల కుట్టు మిషను వైపు ఓసారి తిరిగి చూసుకుంది.

"ఆగండి సార్," అన్నాడు పెద్దాయన. "పాత రోడ్డు మీదుగానేగా కొత్తది వేసేది. అది ఇటు ఉండేది కాదు. ఇంకోసారి చూడండి."

"ఉపగ్రహాల కంటే మీకే ఎక్కువ తెలుసా? ఆవిడ మీకేమవుతుంది?"

"ఏమీ కాదు."

"ఏమీ కాకుండానే ఇంత వకాల్తానా? నా చెయ్యి తడిపి రోడ్డు గీత జరిపిద్దామనుకుంటున్నారేమో. ఆ పప్పులు నా దగ్గర ఉడకవు."

పెద్దాయన తలెత్తి రేకుల వైపు చూశాడు.

"ఆకాశం కనబడితే సరిగ్గా చూపిస్తుందా సార్?"

"చూపిస్తుంది. ఆ రేకులెవరు విప్పుతారు, మీరా?"

ఆయనే నిచ్చెనెక్కాడు. తుప్పు పట్టిన మేకులు పీకి, రేకులు ఒక్కొక్కటే కిందికి దించాడు. వేలు చీరుకుంటే చొక్కాకి తుడుచుకున్నాడు.

సందులో ఎండ పడింది.

సర్వేయరు జీపీఎస్‌ని ఒంటికి దూరంగా, పైకెత్తి పట్టుకుని కదలకుండా నిలబడ్డాడు. అంకెలు నెమ్మదించాయి. కాసేపటికి ఆగిపోయాయి.

గీత ఎదురింటి మీదకి పోయింది.

మళ్ళీ చూశాడు. అదే. తన తొందరకి ఒకావిడ గూడు ఊరికే కూలిపోయేది. మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు అతనికి.

ఎదురింటి తలుపు మీద ఎర్రరంగుతో గుర్తు వేశాడు.

"నోరు జారాను పెద్దాయనా. ఏమనుకోకండి."

"ఎండలో తిరిగే పని. కోపం రాదా మరి," అన్నాడాయన.

కుట్టుపనావిడ ఏడుస్తోంది.

"మీ ఇల్లు నిలబడింది కదమ్మా, ఇంకా ఏడుపెందుకు?" అన్నాడు సర్వేయరు.

ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పెద్దాయన వైపే చూస్తోంది.

"ఆ ఇంటాయన వచ్చాడంటే మాత్రం ముందు మిమ్మల్నే పట్టుకుంటాడు," సర్వేయరు నవ్వబోయాడు. "ఎక్కడున్నాడసలు?"

పెద్దాయన రేకులు గోడకి ఆనించాడు. చేతులు దులుపుకున్నాడు.

జేబులోంచి తాళంచెవి తీసి, తడి రంగు చేతికి అంటకుండా, ఎర్ర గుర్తు పడ్డ ఆ తలుపు తీసుకుని లోపలికెళ్ళాడు.