ఉగ్లే చెబితే వేరు

"ఆగు. బండి ఇంకా రన్‌వే దిగలేదేమో. ఒకసారి అడుగు," అంది చెవిలో ఆడగొంతు.

బోర్గిల్‌కి చిర్రెత్తింది. తెర్నోయ్ దీవి మూడొందల కిలోమీటర్ల అవతల ఉంటేనేం, రన్‌వే కెమెరా తెరమీద ఖాళీగా కనబడుతూనే ఉంది. ఇరవై ఆరేళ్ళుగా కంట్రోల్ గదిలో కూర్చుని విమానాలు దింపుతున్న మనిషికి ఉగ్లే అనే ఈ కొత్త సహాయక యంత్రం పాఠం చెప్పాలా?

అయినా రేడియోలో బండివాణ్ణి అడిగింది.

"చివర్లోనే ఉన్నా, బోర్గిల్ గారూ. గొర్రెలు తోలుతున్నా," అన్నాడు బండి డ్రైవరు.

విమానాన్ని ఒక చుట్టు తిప్పించి, బండి పక్కకి తప్పుకున్నాకే దింపింది.

"ఎలా పసిగట్టావే?"

"పడమటి గాలి కదా. ఆ మూల కెమెరా అద్దం మీద ఉప్పు పేరుకుంటుంది."

ఉగ్లేని నమ్ముతున్నానని బోర్గిల్ సంతకం పెడితేనే తెర్నోయ్‌కి సాయంత్రం విమానం ఉంటుంది. లేకపోతే ఆపేస్తారు. ఆ దీవి నుంచి ఇక్కడికి డయాలసిస్‌కి వచ్చే చెల్లెలు ఆస్త్రి తిరిగి ఇల్లు చేరేది ఆ విమానంలోనే. అయినా మొహమాటానికి సంతకం పెట్టే రకం కాదు బోర్గిల్.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర మొగుణ్ణి అడిగింది, "చేపలేవి?"

స్టైనార్ కూడా విమానాలు దింపే ఉద్యోగమే చేసి రిటైరయ్యాడు. మూడు వారాలుగా పొద్దున్నే గాలం పట్టుకుని పోతున్నాడు.

"పడలేదు."

"ఇవాళ కూడానా? సముద్రం ఎండిపోయిందా?"

"నీ ఉగ్లే ఎలా ఉంది?"

"నీకంటే వెయ్యిరెట్లు నయం. అవసరమైతేనే నోరు తెరుస్తుంది. తెరిస్తే పనికొచ్చే మాటే."

"నా మాట ఏనాడైనా విన్నావా నువ్వు?"

"వినేలా చెబితేగా."

స్టైనార్ బంగాళాదుంప తొక్క తీయడంలో పడ్డాడు.

శుక్రవారం బోర్గిల్ సంతకం పెట్టేసింది. ఇంజనీరు ఐవిన్ కాగితం అందుకుని ఊపిరి పీల్చుకున్నాడు.

"పైవాళ్ళకి కావలసింది మీ నమ్మకమే. ఇక విమానం ఆగదు."

"సరేగానీ, ఉగ్లేని ఒకసారి చూపించు. మొదటి రోజు తిట్టిన తిట్లు వెనక్కి తీసుకోవాలి."

ఐవిన్ చెవులు ఎర్రబడ్డాయి. "అది తయారవడానికి ఇంకా టైముంది. కోప్పడనంటే చూపిస్తా," అంటూ పక్క గది తలుపు తీశాడు.

గొంతు మార్చే మైకు ముందు స్టైనార్ కూర్చుని ఉన్నాడు.