తపాలు రిజిస్టరులో సంతకం

గడ్డపార దెబ్బకి ఆఫీసు తలుపు గొళ్లెం ఎగిరి, గది అంతా దాటి, టైపిస్టు టీ గ్లాసులో పడింది.

"నా తమ్ముణ్ణి చంపినవాడెవడురా ఇక్కడ?"

కౌంటరు ముందు నలభై మంది క్యూ కట్టి ఉన్నారు. 'పదకొండైంది, కిటికీ దగ్గరాయన ఇంకా రాలేదేంటి' అని అప్పటిదాకా సణుగుతున్నవాళ్లు ఒక్క గెంతులో వీధిలో తేలారు. కర్ర ఊతంతో వచ్చిన ముసలాయన అందరికంటే ముందు తేలాడు.

తమ్ముడు తెల్లవారుజామున ఆస్పత్రిలో పోయాడు. ఆపరేషనుకి ఈ ఆఫీసు అనుమతి కాగితం కావాలి. అది లేనిదే కత్తి పట్టనన్నాడు డాక్టరు. అర్జీ పెట్టి మూడు నెలలు. ఏ అంతస్తులో అడిగినా ఒకటే మాట: "పంపేశాం." ఎవరికి పంపారో వెతికి చెప్పే తీరిక ఒక్కరికీ లేదు.

అటెండరు తాత చేతులు చాచి అడ్డం వచ్చాడు. "వద్దు నాయనా, నా మాట విను."

దెబ్బ భుజం మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు గదిలో అందరికీ వినిపించింది. తాత గోడకి జారగిలబడి అక్కడే కూలిపోయాడు.

తర్వాత బీరువాలు. పదేళ్లుగా అంగుళం కదలని ఫైళ్లు ఆ పూట కొంగల్లా ఎగిరాయి. ఒకటైతే తిన్నగా వెళ్లి పై అధికారి బల్ల మీదే వాలింది. అంత తొందరగా ఆయన్ని చేరిన ఫైలు అదొక్కటే. గోడ మీది అద్దాల పటం భళ్లుమంది. 'మా ఉద్యోగుల్లో నూటికి తొంభై ఆరుగురు సంతృప్తిగా ఉన్నారు' అని అందులో రాసుంది. ఆ సర్వే కాగితాలన్నీ హెడ్ క్లర్కు ఒక్కడే కూర్చుని నింపాడు. మిగతావాళ్లకి సంతృప్తి పడే తీరికేది?

కిటికీ పక్క ఖాళీ కుర్చీ జోలికి మాత్రం గడ్డపార పోలేదు. దాని ముందు బల్ల మీద కట్టలు మనిషెత్తున పేరుకుని ఉన్నాయి.

బీపీ మాత్రల సీసా పట్టుకుని బల్ల కింద దూరిన హెడ్ క్లర్కుని జుట్టు పట్టి బయటికి ఈడ్చాడు.

"నువ్వేనా?"

"నేను కాదు బాబోయ్! మూడు సీట్ల పని ఒక్కొక్కడి నెత్తిన పడేశారు. తన బల్ల మీద ఏముందో ఎవడికీ తెలీదు!"

"తెలీదూ?" మోకాలి మీద ఒకటి పడింది. "అడిగినప్పుడల్లా పంపేశాం, పంపేశాం అన్నావు!"

"పంపాను కాబట్టే అన్నాను!" కాలు పట్టుకుని పొర్లుతూ అరిచాడు హెడ్ క్లర్కు. "కావాలంటే తపాలు రిజిస్టరు చూడు!"

ఆ రిజిస్టరు సంగతి ఇదీ. అటెండరు కాగితాల కట్ట బల్ల మీద పడేసి, రిజిస్టరు చాపుతాడు. పుచ్చుకున్నవాళ్లు తల ఎత్తకుండా సంతకం గీకుతారు. కట్టలో ఏముందో చూస్తూ కూర్చుంటే ఇల్లు చేరలేరు. సంతకం పడిందా, ఆ కాగితం పాపమూ పుణ్యమూ ఇక వాళ్లవే.

టైపిస్టు రిజిస్టరు తెచ్చింది. "నేను చూస్తాను, అన్నా. ఆయన్ని వదిలెయ్యి."

పేజీలు తిప్పింది. తమ్ముడి పేరు దగ్గర వేలు ఆగింది. ఆమె గభాల్న మూసేయబోయింది.

"చూపించు."

"వద్దు, అన్నా. నీకు దణ్ణం పెడతాను. ఇంటికెళ్లిపో."

"పుచ్చుకున్నవాడి తల ఇక్కడే పగలగొట్టి గానీ వెళ్లను. తమ్ముడి మీద ఒట్టు."

రిజిస్టరు లాక్కున్నాడు. ఒక చేత్తో గడ్డపార ఎత్తి పట్టుకునే, తమ్ముడి పేరుకి ఎదురుగా ఉన్న గీతల్లోకి చూశాడు.

చదవాల్సిన పని లేకపోయింది. కిటికీ పక్క ఆ కుర్చీలో కూర్చుని, తల ఎత్తకుండా, పదకొండేళ్లుగా రోజుకి రెండొందలసార్లు తనే గీకుతున్న సంతకం అది.