పసుపంటిన నోటు

దేశంలో కాగితం డబ్బు చెల్లకుండా పోయి ముప్ఫై ఏళ్లయినా, సర్కారు మాత్రం ఏడాదికో స్మారక నోటు అచ్చు వేస్తూనే ఉంది. ఆ నోటు పెట్టి అగ్గిపెట్టె కూడా కొనలేం. ఆ నోటునే కొనుక్కోవాలి. కాకినాడ యశ్వంత్ గారి బీరువాలో అలాంటివి ముప్ఫై, గాలి చొరని గాజు పలకల్లో ఉన్నాయి. చెయ్యి తగిలితే విలువ పోతుందని ఆయన ఒక్కదాన్నీ ముట్టుకుని ఎరగరు.

వరలక్ష్మీ వ్రతం నాడు ఆయన భార్య మౌనిక ఒక పలక విప్పి, నోటు నాలుగు మూలలా పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, అమ్మవారి ముందు ఉంచింది.

"కొంప ముంచావు కదే," అంటూ యశ్వంత్ గారు కూలబడ్డారు.

"లక్ష్మికి బొట్టు పెట్టకుండా బీరువాలో దాస్తారాండీ ఎవరైనా? మా అమ్మమ్మ జీతం డబ్బులకు కూడా పెట్టేది."

ఆయన లబోదిబోమంటూ దాన్ని సేకర్తల సంఘానికి పట్టుకెళ్లారు. వాళ్లు రెండు రోజులు పరీక్షించి తేల్చారు: అచ్చయిన పది లక్షల నోట్లలో మనిషి చెయ్యి పడింది దీని మీదే. ధర కోటి దాటింది.

మరుసటి ఏడాది సర్కారు కొత్త నోటు తెచ్చింది. పసుపూ కుంకుమా యంత్రమే అద్ది, గాజులో బిగించింది. యశ్వంత్ గారు మొదటి రోజే కొన్నారు.

వ్రతం నాడు మౌనిక పసుపు గిన్నెతో బీరువా దగ్గరకు వస్తే ఆయన అడ్డం నిలబడ్డారు.

"దీని జోలికి రాకే. పూజ వాళ్లే చేసి పంపారు."