మేక ముందుకాళ్లు

“మేకప్ గదిలో ఈల వేస్తావా? లే, బయటికి నడు!” విల్ఫ్ అరిచాడు.

అద్దం ముందు కూర్చున్న నెడ్ నాలుక్కరుచుకున్నాడు. నాటకాల వాళ్లకి ఇదొక పెద్ద పట్టింపు. గదిలో ఎవరైనా ఈల వేస్తే, తలుపుకి దగ్గరగా ఉన్నవాడి కొలువు ఊడుతుంది. తలుపు పక్కన ముక్కాలిపీట విల్ఫ్‌ది. విరుగుడు ఒక్కటే: ఈల వేసినవాడు బయటికి వెళ్లి, మూడుసార్లు గుండ్రంగా తిరిగి, తలుపు తట్టి, లోపలికి రానిమ్మని బతిమాలుకోవాలి.

“తిరుగుతాలేరా, ఎందుకా గోల?”

“ఆగు. లీడ్స్ సంగతి చెప్పి మరీ వెళ్లు.”

నెడ్ ముఖం చిన్నబోయింది. “ఎవరు చెప్పారు?”

“డోరిస్ చెప్పింది. అక్కడ పెద్ద థియేటర్లో నీకు తల్లి వేషం ఇస్తామన్నారటగా?”

ప్రతి క్రిస్మస్‌కీ సముద్రం ఒడ్డున ఉన్న ఈ చిన్న థియేటర్లో అదే కథ ఆడతారు: ఓడ పగిలి దీవిలో చిక్కుకున్న నావికుడు. పాత నవలలో పాపం వాడు ఒంటరివాడు. పాంటోమైమ్‌లో, అంటే పాటలతో పిల్లల్ని నవ్వించే ఈ క్రిస్మస్ నాటకంలో, ఒంటరితనం అమ్ముడుపోదు. అందుకని నావికుడి తల్లి చాకిరేవు మూటతో సహా దీవిదాకా దిగబడుతుంది. ఆ తల్లి గౌను తొడుక్కున్న మగవాడు, నావికుడేమో డోరిస్. ఇక నావికుడి మేక ఇద్దరు మనుషులు. తల, ముందుకాళ్లు నెడ్. తోక, వెనకకాళ్లు విల్ఫ్. ఇద్దరూ కుర్రతనం నుంచీ ఒకే తోలులో ఉన్నారు.

“అడిగారంతే. నేనింకా సరేననలేదు,” అన్నాడు నెడ్.

“నాతో ఒక్క మాటైనా అనలేదే!”

“అంటే ఇలాగే ముఖం పెడతావని.”

“అయితే విను. నీ నడుం పట్టీ తప్ప ఇంకొకడి పట్టీ పట్టుకుని స్టేజీ ఎక్కితే నా పేరు విల్ఫ్ కాదు. నువ్వు లేకపోతే మేకా లేదు, దీవీ లేదు!”

తలుపులోంచి థియేటర్ యజమాని పోకాక్ తల దూర్చాడు. “ఏమిటర్రా, మేకకి మేకతోనే తగువా? మధ్యాహ్నం ఆటకి టికెట్లన్నీ అయిపోయాయి. నేనూ ఒకప్పుడు ఆవు ముందుకాళ్లనే. మా కొట్లాటలన్నీ తోలు బయటే ఉండేవి.” అని హడావిడిగా వెళ్లిపోయాడు.

నెడ్ లేచి, నడవాలో చలిగా ఉంటుందని కోటు తగిలించుకున్నాడు. “మూడు చుట్లేగా?” అని తలుపు మూసి వెళ్లాడు.

విల్ఫ్ ఎదురుచూశాడు. చాలాసేపటికి తలుపు చప్పుడైంది. బతిమాలుతున్నది మాత్రం నెడ్ కాదు, నటుల్ని స్టేజీ మీదికి పిలిచే మిసెస్ లమ్లీ.

“మేక! త్వరగా రావయ్యా! పోకాక్ గారికి గొంతు పట్టేసిందట, ప్రేక్షకులకి ఆయన చెప్పే స్వాగతం కూడా నేనే చెప్పి చచ్చాను.”

తెర పక్క చీకట్లో, మేకతల పెట్టుకుని ముందుకాళ్లు అప్పటికే సిద్ధంగా నిలబడి ఉన్నాయి. అలిగి తనే తొడుక్కున్నాడన్నమాట. విల్ఫ్ మారు మాట్లాడకుండా వంగి, వెనక తోలులో దూరి, నడుం పట్టీ పట్టుకున్నాడు. పట్టీ బిగుతుగా తగిలింది.

“పుడ్డింగంతా నువ్వే మింగావట్రా?”

ముందువాడు నోరు విప్పితే హాలంతా వినబడుతుంది. వెనకవాడు ఏం గొణిగినా బ్యాండు హోరులో కలిసిపోతుంది. అందుకే ముందువాడు చెయ్యి వెనక్కి చాపి తడతాడు. ఒకసారి తడితే ఆగమని, రెండుసార్లు తడితే సరేనని. ఆవైనా, గుర్రమైనా, తోలులో దూరేవాళ్లందరిదీ ఇదే భాష.

దీవి రంగం వచ్చింది. డోరిస్ తొడ చరిచి, “ఇసుకలో ఈ అడుగు ఎవరిది?” అని అరిచింది.

“మేకది!” అన్నారు పిల్లలంతా.

ఎప్పుడూ కుడికాలితో కదిలే మేక ఈసారి ఎడమకాలితో కదిలింది. విల్ఫ్ తూలిపడబోయాడు. పిల్లలు విరగబడి నవ్వారు. ఆ నవ్వుకి అతనికి దుఃఖం తన్నుకొచ్చింది.

“కక్ష తీర్చుకుంటున్నావా? ఏరు దాటి తెప్ప తగలేస్తావట్రా?” చీకట్లో గుసగుసలాడాడు. “ముందు ఏముందో నేనెప్పుడైనా చూశానా? నీ వెనక నడవడం తప్ప నాకేం వచ్చు? పోతే పో, కానీ నాకు అబద్ధం చెప్పకు. ఉంటానంటే రెండుసార్లు తట్టు.”

బ్యాండు ఒక పాట ముగించి ఇంకో పాట ఎత్తుకుంది. చెయ్యి వెనక్కి వచ్చింది. కాసేపు ఊరికే ఆగింది. తర్వాత విల్ఫ్ మణికట్టు మీద మెత్తగా రెండుసార్లు తట్టింది.

ఆ తర్వాత మేక ఆడినలాంటి ఆట అంతకుముందు ఆ ఊళ్లో ఎవరూ చూసి ఉండరు. తోక గిరగిరా తిరిగింది, వెనకకాళ్లు గంతులేశాయి, తల్లి వేషధారి నవ్వాపుకోలేక తన మాటలే మరిచిపోయాడు. తెర దిగినా చప్పట్లు ఆగలేదు.

తెర పక్కకి రాగానే విల్ఫ్ చెమటలు కక్కుతూ తోలులోంచి బయటపడ్డాడు. కళ్లు తుడుచుకున్నాడు.

“నెడ్డూ, నన్ను క్షమించరా. వాళ్ల మాటా వీళ్ల మాటా విని నిన్ను అనుమానించాను. నువ్వు నన్ను వదిలి వెళ్లేవాడివి కాదని నాకు తెలియదట్రా?”

కాసేపటికి రెండు చేతులు నెమ్మదిగా మేకతలని పైకెత్తాయి.

కింద పోకాక్ ముఖం ఉంది.